నలుగురిలో నోరు మెదపని బిడ్డ

ఇంటిలో ఇరువదిమూడవ కీర్తనను మొదటి మాట మొదలు కడపటి మాటవరకు తడబాటు లేక అప్పగించిన పిల్ల, ఆదివారమున సంఘము ఎదుట నిలువబెట్టగానే నోరు మెదపదు. ముఖము ఎర్రబారును, చేతులు వణకును, చూపు నేలమీదనే నిలిచిపోవును. ముందు వరుసలోని పిల్లలు కిసుక్కున నవ్వుదురు. ఉపాధ్యాయుడు మొదటి మాట అందించును, రెండవ మాటయు అందించును, తుదకు "సరే, పోయి కూర్చో" అనును. తరువాతి ఆదివారమున ఆ పిల్లకు కడుపునొప్పి. ఆ పై ఆదివారమునను కడుపునొప్పియే.

ఇట్టి బిడ్డ ఒకరైనను లేని సంఘము ఉండదని మేము తలంచుచున్నాము. ఎనిమిదేండ్ల వయస్సులో క్రిస్మసు కార్యక్రమమందు దేవదూత వేషము వేసి గంతులు వేసిన పిల్లయే, పదుమూడు పదునాలుగేండ్లు వచ్చుసరికి గుడి గుమ్మములో స్తంభము చాటున నిలుచుండును. దీనికి పెద్దలు చెప్పు కారణములు పలువిధములు. "పెద్దదైనది, పొగరు వచ్చినది" అందురు కొందరు. "ఇంటిలో కుటుంబ ప్రార్థన లేదు" అందురు మరికొందరు. మనుష్యుల భయమునుగూర్చి సామెతల గ్రంథము 29వ అధ్యాయములోనున్న మాటను, పిరికితనమునుగూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాటను ఆ బిడ్డ నెత్తిన మోపువారును కలరు. ఆ రెండు మాటలును సత్యములే. అవి ఈ బిడ్డనుగూర్చి వ్రాయబడినవా అనునదే ప్రశ్న.

ఏలీ యాజకుని సంగతి జ్ఞాపకము చేసికొనుడి. షిలోహు మందిరములో హన్నా పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ఆమె మత్తురాలని అతడు అనుకొనెను. అనుభవము లేనివాడు కాడు, ఎన్నియో ఏండ్లుగా ప్రార్థించువారిని చూచుచుండిన వృద్ధుడే. వినబడని నోటినిగూర్చి తొందరపడి తీర్పు చెప్పుట మనతో ఆరంభమైనది కాదు.

కాబట్టి తీర్పునకు ముందు ఆ బిడ్డ శరీరములో ఏమి జరుగుచున్నదో తెలిసికొందము. మన మెదడులో, చెవులకు లోతట్టున, కుడియెడమల ఒక్కొక్కటి చొప్పున బాదంగింజంత భాగములు రెండు గలవు. వైద్యులు దీనిని అమిగ్డలా అందురు. గ్రీకు భాషలోని బాదము పేరునుండియే ఆ మాట వచ్చినది. దాని పని ఇంటి కావలికుక్క పనివంటిది. చీకటిలో అలికిడి కాగానే కుక్క మొరుగును. వచ్చినది దొంగయో మేనమామయో తెలిసికొనువరకు ఆగదు. ఆ మొరుగు వినగానే మూత్రపిండములమీది గ్రంథులు అడ్రినలిను అను రసమును రక్తములోనికి వదలును. గుండె దడదడ కొట్టుకొనును, నోరు ఎండిపోవును, కడుపు తిప్పును. పరుగెత్తుటకో పోరాడుటకో శరీరము సిద్ధమగుచున్నదన్నమాట. త్రాచుపాము ఎదురైనప్పుడు ఇది ప్రాణరక్షణ. కీర్తన అప్పగించునప్పుడు ఇదియే నాలుకకు ముడి.

మనుష్యుల చూపు పాముతో సమానమా అని నవ్వవలదు. 1993లో జర్మనీ దేశమందలి ట్రియర్ విశ్వవిద్యాలయపు పండితులు ఒక పరీక్షా పద్ధతిని ప్రకటించిరి. మనిషిని కొందరి ఎదుట నిలువబెట్టి 5 నిమిషములు తన్నుగూర్చి మాటలాడుమందురు. ఎదుట కూర్చున్నవారు నవ్వరు, తల ఊపరు. ఆ పిమ్మట 1022 నుండి 13 చొప్పున తీసివేయుచు లెక్క చెప్పుమందురు. తప్పినచో మరల మొదటినుండి. కత్తి లేదు, కఱ్ఱ లేదు, ఆకలి లేదు. అయినను ఆరోగ్యవంతులైన పెద్దవారిలోనే, కష్టకాలమున రక్తములో పెరుగు కార్టిసాలు అను రసము ఆ కొద్ది నిమిషములలో పెరుగుచున్నదని కనుగొనిరి. మన సండేస్కూలు పరీక్షకును దీనికిని భేదమెంత? అక్కడివారు ముఖములు బిగించుకొని కూర్చుందురు, ఇక్కడివారు నవ్వుదురు.

ఎనిమిదేండ్లప్పుడు లేని భయము పదుమూడేండ్లకు ఎక్కడనుండి వచ్చెను? కుక్క మొరిగినప్పుడు యజమానుడు లోపలినుండి వచ్చి "ఊరకుండుము, మనవారే" అని దానిని ఊరకుంచవలెను. మెదడులో ఆ యజమానుని పనిలో చాలాభాగము నుదుటి వెనుకనున్న ముందుభాగముది. అమెరికా దేశపు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ అను వైద్యుడును అతని తోటివారును, అదే పిల్లల మెదడు చిత్రములను ఏండ్ల తరబడి ఎం.ఆర్.ఐ. యంత్రముతో తీసి 1999లో ఒక సంగతి ప్రచురించిరి. ఈ ముందుభాగపు బూడిదరంగు పదార్థము ఆడపిల్లలలో సుమారు 11 ఏండ్లవరకు, మగపిల్లలలో సుమారు 12 ఏండ్లవరకు పెరిగి, అటుపిమ్మట తగ్గనారంభించును. తగ్గుట అనగా చెడిపోవుట కాదు. తోటమాలి అక్కరలేని రెమ్మలను కత్తిరించినట్లు మెదడు తన్నుతాను దిద్దుకొనుచున్నదని పండితులు గ్రహించిరి. ఈ దిద్దుబాటు ఇరువదియైదేండ్ల దాపువరకు సాగును. కావలికుక్కయేమో అంతకు చాలముందుగానే బలిసియుండును. బలిసిన కుక్కయు, ఇంకను పెత్తనము నేర్చుకొనుచున్న యజమానుడును ఒకే ఇంట నుండు కాలమే ఈ యౌవనారంభము.

పైగా ఆ వయస్సులో ఇతరుల చూపునకు వెల పెరుగును. 2013లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో లియా సోమర్‌విల్ అను ఆమెయు తోటివారును 8 ఏండ్లు మొదలు 23 ఏండ్లవరకు వయస్సుగలవారిని ఆ యంత్రములో పరుండబెట్టి, "ఇప్పుడు కెమెరాలో నీ ఈడువారొకరు నిన్ను చూచుచున్నారు" అని చెప్పిరి. చేయవలసిన పనియేమియు లేదు, మాటలాడవలసినది లేదు. నిజమునకు చూచువారును లేరు. అయినను ఎవరో చూచుచున్నారన్న తలంపునకే, బాల్యములోకంటె యౌవనారంభములో సిగ్గు హెచ్చుగా కలిగెను. చర్మమున చెమ్మ పుట్టెను. తన్నుగూర్చి తాను తలపోయునప్పుడు పనిచేయు మెదడు భాగము చురుకుదనము పొందెను. మనము "నిన్నెవరు చూచుచున్నారు లే" అని పదుమూడేండ్ల పిల్లతో అందుము. ఆ మాట ఆమె చెవికి చేరవచ్చును గాని, ఆమె మెదడు మాత్రము అందరును చూచుచున్నారనియే చెప్పుచుండును.

అందరి పిల్లలును ఒకేరీతిగా ఉండరు. హార్వర్డు విశ్వవిద్యాలయములో జెరోమ్ కాగన్ అను పండితుడు 4 నెలల పసికందులకు క్రొత్త బొమ్మలను చూపి, క్రొత్త స్వరములను వినిపించి చూచెను. సుమారు అయిదుగురిలో ఒకరు కాళ్లుచేతులు కొట్టుకొని ఏడ్చిరి. ఇట్టివారిలో ఎక్కువమంది రెండేండ్లనాటికి క్రొత్తవారిని చూచి తల్లి కొంగు చాటునకు పోవువారైరి. 2003లో కార్ల్ ష్వార్ట్జ్ అను వైద్యుడును తోటివారును, రెండేండ్ల వయస్సులో బెరుకువారనియు బెరుకు లేనివారనియు గుర్తింపబడి అప్పటికి ఇరువదిరెండేండ్ల దాపునకు వచ్చిన 22 మందికి ఎరుగని ముఖములను చూపి పరీక్షించిరి. పసితనమున బెరుకుగానుండిన 13 మంది మెదడులో ఆ బాదంగింజ భాగము తక్కినవారికంటె గట్టిగా స్పందించెను. అనగా కొందరి ఇంట కుక్క పుట్టుకనుండియే చురుకైనది. అయితే ఆ 13 మందిలో అందరును రోగులు కారు. బెరుకుతో పుట్టిన శిశువులలో అనేకులు చక్కగా నలుగురితో కలిసి తిరుగువారుగా ఎదిగిరని కాగనుగారే వ్రాసిరి.

సిగ్గు వేరు, ఈ వ్యాధి వేరు. తెలుగులో దీనికి మాటలకు కొదువలేదు: సిగ్గు, బిడియము, జంకు, బెరుకు. ఇవన్నియు మనకు దోషములు కావు, కొన్ని సుగుణములే. ఆడపిల్ల తలవంచుకొని తిరిగిన మెచ్చుకొందుము గనుక, ఆమె లోపల ఎంత నలిగిపోవుచున్నదో ఎవరికిని తెలియదు. మగపిల్లవాడైతే "ఆడపిల్లవలె ఏమిరా" అన్న మాట పడును. వైద్యులు చూచు గుర్తులు వేరు: ఆరు నెలలు గాని అంతకుమించి గాని విడువక, నలుగురు తన్ను తప్పుపట్టుదురను భయముండుట, దానివలన బడి, గుడి, పెండ్లి ఇండ్లు, కొట్టుకు పోవుట సైతము తప్పించుకొనుట, చదువు చెడుట. అమెరికా దేశపు మానసిక వైద్యుల సంఘము దీనిని ప్రత్యేక వ్యాధిగా తన పట్టికలో చేర్చినది 1980లోనే. ఆ దేశములో జరిగిన విచారణ 2005లో ప్రచురింపబడినది. ఈ వ్యాధి ఉన్నవారిలో సగముమందికి 13 ఏండ్ల వయస్సునకే అది ఆరంభమైనదని తేలెను. విడిచిపెట్టిన యెడల ఇది కొందరిలో పెద్దవయస్సున దిగులు వ్యాధికిని, మద్యపానమునకును దారితీయుచున్నది. నలుగురిలో కూర్చుండుటకు ధైర్యము కొరకు ఒక గ్లాసుతో మొదలుపెట్టినవారి కథలు మన పల్లెలలోను వినబడును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. భయమునకు మెదడులో చోటున్నదని తేలినంతమాత్రమున అది దోషము కాదని చెప్పవచ్చునా? అట్లు చెప్పుట తొందరపాటని మా అభిప్రాయము. ఏలయనగా కోపమునకును మెదడులో చోటున్నది. దురాశకును ఉన్నది. ఓర్పునకును, ప్రార్థనకును ఉన్నది. ఈ శరీరముతో ఉన్నంతకాలము మెదడు లేకుండ మనము చేయు పని యొకటియు లేదు. కాబట్టి "అది మెదడులోని సంగతి" అను మాట ఒక్కటే ఎవరిని విడిపించదు, ఎవరిని శిక్షించదు. అడుగవలసిన ప్రశ్న వేరు: ఇది ఆ బిడ్డ ఎన్నుకొన్నదా? వద్దనుకొన్నంతనే ఆగునదా?

కుక్క మొరుగును ఆ బిడ్డ ఎన్నుకొనలేదు. నాలుగు నెలల శిశువు దేనిని ఎన్నుకొనును? ఇంతవరకు దోషము లేదు, మందలింపునకు చోటు లేదు. కుంటి బిడ్డను పరుగెత్తుమని అదలించుటకును దీనికిని భేదము లేదు. అయితే మొరిగిన తరువాత జరుగునది కొంచెము వేరు. ఆ ఆదివారపు కడుపునొప్పి అబద్ధమని మేము అనము. భయము నిజముగానే కడుపును తిప్పును. కాని గుడికి పోక ఇంట నుండగానే నొప్పి పోవును, ప్రాణము హాయిగానుండును. ఆ హాయియే చిక్కు. "గుడి అపాయకరమైన చోటు, పారిపోయి బ్రతికితిని" అని మెదడు పాఠము నేర్చుకొనును. ఎగవేసిన ప్రతి ఆదివారమును ఆ భయమునకు మేత. తలవంచి ఫోనులో కన్నులు దాచుకొనుట, వెనుక బెంచీలోనే కూర్చుండుట, ఇవియు అట్టివే. ఇక్కడ ఆ బిడ్డ చేయగల పని కొంచెమున్నది. ఎంత కొంచెమో బయట నిలిచిన మనము కొలువలేము.

మోషే సంగతి ఈ విషయములో మాకు ఎంతో వెలుగైనది. తాను నోటిమాంద్యము గలవాడనని అతడు మొరపెట్టుకొనినప్పుడు దేవుడు కోపపడలేదు. నోరిచ్చినవాడను నేనే గదా అని, తోడుండి నేర్పెదనని చెప్పెను. కోపము రగిలినది ఆ తరువాత, మరి ఎవరినైనను పంపుమని అతడు తప్పించుకొన జూచినప్పుడు. ఆ కోపములోనైనను చేసిన పని యేమి? అహరోనును తోడిచ్చెను. పిలుపు రద్దు కాలేదు, నత్తియు శిక్షింపబడలేదు. మొదట జనులతో మాటలాడినది అహరోనే. నలువది ఏండ్ల తరువాత మోషే ఇశ్రాయేలు సర్వసమాజము ఎదుట చేసిన ప్రసంగములు ద్వితీయోపదేశకాండమంత ఉన్నవి. తొందరపెట్టినవారెవరును లేరు.

సౌలునుగూర్చియు ఒక మాట. రాజుగా ఏర్పరచుకొనబడిన దినమున అతడు సామానులో దాగియుండెను. అందరికంటె పొడగరి, దాగుటకు చోటు దొరుకుటయే కష్టము! ఆ దాగుటకు లేఖనము అతనిని ఒక్క మాటయు అనలేదు. తరువాత అమాలేకీయుల విషయములో జనులకు జడిసి ఆజ్ఞను మీరినప్పుడు మాత్రము రాజ్యము పోయెను. మనుష్యుడొక్కడే, భయములు రెండు. సామెతల గ్రంథములోని మాట ఆ రెండవ భయమునకు తగును. మొదటి భయమున్న బిడ్డమీద దానిని ప్రయోగించుట న్యాయము కాదు.

మాత్ర చాలునా, మాట చాలునా అను తగవు కొన్ని ఇండ్లలో కలదు. స్వీడను దేశమందలి ఉప్సాలా పట్టణపు పండితులు 2002లో ప్రచురించిన పని ఈ తగవునకు సంబంధించినది. ఈ భయవ్యాధిగల 18 మందిని మూడు గుంపులుగా చేసిరి. ఒక గుంపునకు సిటలోప్రామ్ అను మాత్రనిచ్చిరి. ఒక గుంపునకు కూర్చుండబెట్టి భయపు తలంపులను పరీక్షించుటయు, కొంచెము కొంచెముగా జనుల ఎదుట నిలుచుటయు నేర్పిరి. మూడవ గుంపు వేచియుండెను. తొమ్మిది వారముల తరువాత మొదటి రెండు గుంపులకును మేలు కలిగెను. నలుగురి ఎదుట మాటలాడునప్పుడు ఆ బాదంగింజ భాగములో రక్తప్రసారము రెండు గుంపులలోను తగ్గెను. మాత్ర పోయిన చోటికే మాటయు, అభ్యాసమును పోయినవి! 18 మందితో చేసినది చిన్న పరీక్షయే యైనను ఇది మమ్మును ఎంతో ఆలోచింపజేసినది. మంచిమాటయు ఓర్పుగల అభ్యాసమును మెదడు లోతువరకు పోగలిగినప్పుడు, ముందు వరుసలోని నవ్వు పోదా? "దీనికి నోరు లేదు" అని ప్రతి పండుగకు అనుమాట పోదా? అప్పుడు ఆ బిడ్డ మెదడులోని భయము ఆ బిడ్డ ఒక్కతెదేనా? చుట్టునున్న మనకు అందులో పాలు కలదు.

పౌలు ఈ సంగతి ఎరిగినవాడు. తిమోతికి పిరికితనమునుగూర్చి వ్రాసిన మాట అందరమును ఎరుగుదుము. కాని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయములో, తిమోతి వచ్చినయెడల అతడు వారియొద్ద నిర్భయుడై యుండునట్లు చూచుకొనుడని సంఘమునకే వ్రాసెను. ఆ యౌవనస్థుని భయమును పోగొట్టు పని తిమోతిమీదనే వేయలేదు. కొరింథు సంఘముమీద పెట్టెను. ఈ వచనముమీద ప్రసంగము విన్నవారు మనలో ఎందరు?

ఇక చేయదగినది. బలవంతముగా నిలువబెట్టుట చెడుపు. పూర్తిగా మినహాయించి విడుచుటయు చెడుపే. అది ప్రేమవలె కనబడును గాని భయమును స్థిరపరచును. పాస్టరుగారు "ఏమమ్మా, ఏ తరగతి?" అని అడిగినప్పుడు తల్లి ముందుగానే "తొమ్మిదండీ, దానికి సిగ్గండీ" అనును. ఆ తల్లి కొంచెము ఆగవలెను, పాస్టరుగారును ఆగవలెను. పది క్షణముల నిశ్శబ్దము ఎవరిని చంపదు. వాక్యమును మొదట ఉపాధ్యాయురాలియొద్ద ఒంటరిగా చెప్పవచ్చును. తరువాత ఇద్దరు స్నేహితురాండ్రతో కలిసి, తరువాత బెంచీలో కూర్చుండియే పుస్తకము చూచి చదువవచ్చును. గుండె కొట్టుకొనుచున్నప్పుడే అక్కడనుండి కదలక కొంతసేపు నిలిచినచో దడ తానే తగ్గునని ఆ బిడ్డ స్వయముగా కనుగొనవలెను. ఉపదేశముతో వచ్చునది కాదది. తప్పు పోయినప్పుడు నవ్వరాదని తక్కిన పిల్లలకు నేర్పుట ఆ బిడ్డకు ధైర్యము నేర్పుటకంటె ముందు పని.

చదువు మానివేయువరకు, తిండి నిద్రలు చెడువరకు వచ్చినచో వైద్యుని యొద్దకు పోవలెను. "పిచ్చి డాక్టరు" దగ్గరకు పోయినదని తెలిసిన సంబంధములు రావని తలిదండ్రులు భయపడుదురు. ఇదియు మనుష్యుల భయమే. సామెతల గ్రంథములోని మాట ఇక్కడ చక్కగా తగును. కన్ను మసకబారినచో అద్దములు పెట్టుకొందుము, ప్రార్థన మానము. ఇదియు అంతే. అక్టోబరు 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను సహాయము 14416 సంఖ్యకు ఫోను చేసినచో రూకలు లేకుండ, తెలుగులోనే దొరకును. మాత్రలు వైద్యుడు చెప్పినట్లే వాడవలెను, మధ్యలో మానరాదు.

క్రిస్మసు కార్యక్రమపు పట్టీ మన సంఘములలో సాధారణముగా నవంబరు నెలలో వ్రాయబడును. ఈసారి దానిని గుడిలో చదివి వినిపించకముందే ఎవరైన ఒకరు ఇట్టి బిడ్డ యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, "నీకు ఏ పని ఇష్టమమ్మా?" అని అడుగవచ్చును. నక్షత్రము పట్టుకొనుటయో, తెర లాగుటయో, గొల్లవారిలో నలుగురితో కలిసి ఒక్క మాట అనుటయో ఆ బిడ్డయే చెప్పును. మొదటి దినమున చెప్పకపోవచ్చును. మరుసటి వారము మరల పోవలెను.